రెండు గంటల్లో టీచర్లకు ఏం నేర్పాలి?

ప్రశ్న: మాది చిన్న ప్రైవేటు బడి. ఒకటో తరగతిలో డౌన్ సిండ్రోమ్ (పుట్టుకతోనే వచ్చే, ఎదుగుదల, నేర్చుకోవడం నెమ్మదిగా ఉండే స్థితి) ఉన్న ఆరేళ్ల పాప చేరింది. టీచరు, ఆయమ్మ ప్రేమగానే చూస్తున్నారు గానీ చెప్పింది వినదనీ, రాయమంటే బల్ల కింద దూరుతుందనీ అంటున్నారు. శిక్షణకు శనివారం రెండు గంటలు దొరుకుతాయి. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక ప్రధానోపాధ్యాయురాలు

జవాబు: ‘వినదు’ అన్నారు కదా, అక్కడే మొదలుపెట్టండి మేడమ్. ఈ పిల్లల్లో మధ్యచెవిలో ద్రవం చేరి వినికిడి తగ్గడం చాలా మామూలు. చెవి, కంటి పరీక్షలు ఈమధ్య చేయించారా అని తల్లిదండ్రులను అడగండి. పాపను ముందు వరసలో కూర్చోబెట్టండి.

చెవులు బాగున్నా, విన్న మాటను కాసేపు గుర్తుంచుకోవడం వీళ్లకు కష్టం. చూసింది బాగా పట్టుకుంటారు. ‘పుస్తకం మూసి, డబ్బా తీసుకుని, లైన్లో నిలబడు’ అంటే చివరి ముక్కే మిగులుతుంది. ఒకసారికి ఒకే పని, బొమ్మ చూపిస్తూ చెప్పాలి. ఆపైన మనసులో పది లెక్కపెట్టేదాకా ఆగాలి. టీచర్లను జంటలుగా కూర్చోబెట్టి దీన్ని అరగంట సాధన చేయించండి. చాలామంది మూడు లెక్కపెట్టకముందే మళ్లీ చెప్పేస్తారు, అదీ వేరే మాటల్లో. పాప మళ్లీ మొదటికి రావాల్సిందే.

చదువు అఆలతోనే మొదలవ్వాలన్న పట్టుదల వద్దు. తన పేరు, అమ్మ, పాలు, బంతి: ఈ నాలుగు మాటలకు బొమ్మల కార్డులు, ఉత్త మాటల కార్డులు చేయండి. మొదట ఒక మాట కార్డు మీద అదే మాట ఉన్న కార్డును పెట్టించాలి. తర్వాత ‘పాలు ఇవ్వు’ అంటే ఆ కార్డు తీసివ్వాలి. చదివించడం ఆఖర్న. చాలామంది మధ్య మెట్టు దాటేసి ‘ఇదేంటి?’ అని అడిగేస్తారు. పలకడం కష్టమైన బిడ్డ ఊరుకుంటే, రాదని రాసేస్తారు. అది అన్యాయం. తడబడగానే సరైన కార్డు మీద వేలు పెట్టి చూపించండి. రోజుకు ఐదేసి నిమిషాలు రెండుసార్లు చాలు.

బల్ల కింద దూరడం చాలాసార్లు పని తప్పించుకోవడానికే. కండరాల బిగువు తక్కువ కాబట్టి రాస్తే చేయి త్వరగా నొప్పెడుతుంది. పాదాలు నేలకు ఆనుతున్నాయో లేదో చూడండి, లేకపోతే పీట వేయండి. పెన్సిల్ బదులు లావు క్రేయాన్ ఇవ్వండి. దూరే ముందు ఏ పని ఇచ్చారో వారంపాటు రాసిపెడితే కారణం తెలుస్తుంది. ఆయమ్మ మాత్రం చేయి పట్టుకుని రాయించకూడదు. అలా అలవాటైతే ఆమె లేనిదే పాప పెన్సిల్ ముట్టదు.

సలహా కోసం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని ఎన్ఐఈపీఐడీని (మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ), మీ మండలంలోని భవిత కేంద్రాన్ని (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపే కేంద్రం) సంప్రదించండి.

శిక్షణకు పీఈటీని, అంటే ఆటలు నేర్పే టీచరును, తప్పక పిలవండి. ఈ పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలోని రెండు ఎముకల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. డాక్టరు సరే అనేదాకా పిల్లిమొగ్గలు వేయించకూడదు. మెడ నొప్పి, మెడ వంకర, నడకలో కొత్త తడబాటు, ఉన్నట్టుండి మూత్రం ఆపుకోలేకపోవడం... వీటిలో ఏది కనిపించినా అదేరోజు డాక్టరుకు చూపించాలి.