గానుగ మోటారుకు కేబులు కొనేముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

తోటలో కొబ్బరినూనె గానుగ పెడుతున్నావని అక్క ఫోనులో చెప్పింది. చాలా సంతోషం. మీ కోనసీమలో ఆ వ్యాపారానికి తిరుగులేదు. అయితే మీటరు నుంచి షెడ్డుకు 60 మీటర్లు, కరెంటు సింగిల్ ఫేజ్, మోటారు 3 హెచ్‌పీ, మూడు ఫేజులది, మధ్యలో సింగిల్ ఫేజును మూడు ఫేజులు చేసే కన్వర్టర్, దీనికి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు చాలన్నారట. ఆ మాట వినే ఈ ఉత్తరం రాస్తున్నాను.

3 హెచ్‌పీ మోటారు ప్లేటు మీద 415 వోల్టులు, సుమారు 5 ఆంపియర్లు అని ఉంటుంది. అందరూ ఆ 5 చూసే వైరు కొంటారు. అది కన్వర్టర్ దాటిన తరువాతి లెక్క. ఆ శక్తినంతా కన్వర్టర్ 230 వోల్టుల మీద రెండు తీగల్లో లాక్కోవాలి. మీటరు వైపు మూడు రెట్లు, అంటే దాదాపు 16 ఆంపియర్లు నడుస్తాయి. కన్వర్టర్ తాను తినేది అదనం.

60 మీటర్లంటే పోను రాను 120 మీటర్ల రాగి. 16 ఆంపియర్లకు 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో 14 వోల్టులు దారిలోనే పోతాయి. 4 వైరు అయితే 9 వోల్టులు, 6 వైరు అయితే 6 వోల్టులు. ఇదీ మోటారు నిలకడగా తిరిగేటప్పటి మాట. లేచేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది. సాయంత్రం ఊళ్లో వోల్టేజీ అసలే పడిపోయి ఉంటే మోటారు మూలుగుతుందే తప్ప కదలదు. ఒక చేపల చెరువు మోటారుకు నేను రెండుసార్లు వైండింగు కట్టాను. మూడోసారి చెరువు గట్టుకు వెళ్లి కేబులు పట్టుకుంటే వేడికి చెయ్యి చురుక్కుమంది. తప్పు మోటారుది కాదు, అక్కడిది కూడా 2.5 వైరే.

నీ కన్వర్టర్ కెపాసిటర్లదో, ఐడ్లర్ మోటారు (మూడో ఫేజును పుట్టించడానికి ఖాళీగా తిరిగే మోటారు) ఉన్నదో అయి, 415 వోల్టులు ఇచ్చేదైతే దాన్ని మీటరు పక్కనే పెట్టు. మీటరు నుంచి దానికి ఆ నాలుగడుగులూ 6 వైరు వెయ్యి. అక్కడి నుంచి షెడ్డుకు 2.5 కేబులు నిజంగానే సరిపోతుంది. 5 ఆంపియర్లకు 4 వోల్టులు కూడా పోవు. కానీ నీ కన్వర్టర్ ఎలక్ట్రానిక్ డ్రైవ్ (వీఎఫ్‌డీ అంటారే, అది) అయితే అలా చేయకు. పొడవాటి కేబులు చివర వోల్టేజీ ఎగిసి వైండింగు ఇన్సులేషన్‌ను తినేస్తుంది. అప్పుడు డ్రైవ్‌ను మోటారు దగ్గరే పెట్టి, మీటరు నుంచి 6 కేబులు లాగు. కెపాసిటర్ల కన్వర్టర్ మీద మోటారు పూర్తి బలం ఇవ్వదు, మూడింట రెండు వంతులే అనుకో. గానుగను ఎప్పుడూ ఖాళీగా తిప్పి, తరువాతే ఎండుకొబ్బరి ముక్కలు వెయ్యి.

స్టార్టర్‌లో స్విచ్‌ను పట్టి ఉంచే కాయిల్‌కు కన్వర్టర్ పుట్టించిన ఫేజును ఇవ్వకు, అది నిలకడగా ఉండదు. మన గాలిలో తేమ, ఉప్పు ఎక్కువ. తీగల కొనలకు తగరపు పూత ఉన్న రాగి లగ్గులు (కొనకు తొడిగే బిళ్లలు) గట్టిగా నొక్కించు. ఎర్త్ తీగ, ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకుండా స్విచ్ వేయకు. మీటరు లోడు పెంచమని విద్యుత్ శాఖకు ముందే అర్జీ పెట్టు.

దూరం టేపుతో కొలిచి, మోటారు ప్లేటు ఫోటో, కన్వర్టర్ ఫోటో ఫోనులో పంపించు. అవి చూసి చెప్పేదాకా కేబులు కొనకు.

నీ మామయ్య