కొత్త క్యారవాన్ టైరు ఒకవైపే అరిగిపోతోంది, డీలరేమో యాక్సిల్ (చక్రాల ఇరుసు) కంపెనీని అడగమంటున్నాడు. బాధ్యత ఎవరిది?

బ్రిటన్‌లో కొన్న కొత్త టూరింగ్ క్యారవాన్ (కారు వెనక తగిలించి లాక్కెళ్లే ఇల్లులాంటి బండి) అయితే బాధ్యత మీకు అమ్మిన డీలరుదే. యాక్సిల్ ఎవరు తయారుచేశారన్నది మీకు అనవసరం.

2015 నాటి వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం ఒప్పందం మీకూ అమ్మినవారికీ మధ్యే. లోపం ఉందని చూపగలిగితే 30 రోజుల్లోపు బండి తిరిగిచ్చేసి మొత్తం డబ్బు అడగొచ్చు. గడువు దాటితే రిపేరుకు ఒక్క అవకాశం ఇవ్వాలి. అదీ కుదరకపోతే తిరిగివ్వొచ్చు, లేదా ధర తగ్గించమనొచ్చు. మొదటి 6 నెలల్లో బయటపడిన లోపం అమ్మేనాటికే ఉన్నట్టు లెక్క. కాదని రుజువు చేసుకోవాల్సింది డీలరే.

లోపం ఉందని చూపడానికి, ఉదాహరణకు, టైరు గాడుల లోతు లోపలి అంచున, మధ్యలో, బయటి అంచున కొలవండి. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువైనట్టో, బరువు ఎక్కువైనట్టో. మధ్యలో అరిగితే గాలి ఎక్కువైనట్టు. లోపలి అంచు ఒక్కటే నున్నగా అయిపోతే మాత్రం యాక్సిల్ వంగిందనో, వంకరగా బిగించారనో అనుమానించాలి. చాలా క్యారవాన్లలో ఉండేది గొట్టంలో రబ్బరు కడ్డీలు బిగించిన యాక్సిల్, కారుకు చేయించినట్టు దీనికి అలైన్‌మెంట్ (చక్రాలు నిలిచే కోణం) తిప్పి సరిచేయడం సాధారణంగా కుదరదు. కొత్త టైరు వేసి పంపితే అదీ అలాగే అరుగుతుంది.

"టైరు అరిగే వస్తువు, వారంటీలో రాదు" అన్న మాట విని చాలామంది వెనక్కి తగ్గుతారు. వారంటీ కంపెనీ తనంతట తాను ఇచ్చే హామీ, చట్టం ఇచ్చిన హక్కు వేరు. పైగా మీరు అడిగేది టైరు గురించి కాదు, దాన్ని అరగదీస్తున్న యాక్సిల్ గురించి.