పేజీ తిప్పే ముందు ఊహించు

చిట్టీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. కెమిస్ట్రీలో చేరి నెల తిరక్కుండానే "ఇదంతా ఎలా గుర్తుపెట్టుకోవాలి పెద్దమ్మా, టెన్షన్‌గా ఉంది" అని రాశావు. ఇన్నేళ్లు ఈ సబ్జెక్టు పాఠాలు చెప్పినదాన్ని, నిక్కచ్చిగా చెప్తాను విను. గుర్తుపెట్టుకోవడాన్నే నమ్ముకుంటే మొదటి ఏడు ఎలాగోలా గట్టెక్కుతావు. రెండో ఏడు వచ్చేసరికి ఒక్క ఆర్గానిక్‌లోనే అన్ని రియాక్షన్లు మీద పడతాయి, ఒకటి బట్టీపడుతుంటే ఇంకొకటి జారిపోతుంది. బాగా చదివే పిల్లలు కూడా చాలామంది అక్కడే చతికిలపడ్డారు.

నేను చెప్పేది ఒకటే పద్ధతి. జవాబు చూసేముందు నీ జవాబు కాగితం మీద పెట్టు. తప్పయినా పరవాలేదు. క్లాసులో మాస్టారు బోర్డు మీద రియాక్షన్ ఎడమ పక్క రాసి బాణం గీస్తున్నంతలో, కుడి పక్క ఏం వస్తుందో నీ నోట్సు అంచున రాసెయ్యి. పుస్తకంలో సాధించిన లెక్క ఎదురైతే, సాధన మీద చెయ్యి అడ్డం పెట్టు. పుస్తకం నిండా పసుపు రంగు పూసుకుంటూ చదివేవాళ్లు నీ హాస్టల్లో బోలెడుమంది ఉంటారు. చదివినట్టు తృప్తి ఉంటుంది, అంతే. నువ్వు ఊహించింది తప్పని తేలినప్పుడు కలిగే చిరాకు ఉంది చూడు, ఆ చిరాకుతో నేర్చుకున్నది పరీక్ష దాకా నిలుస్తుంది.

ఫిజికల్ కెమిస్ట్రీ అంటే భయమని రాశావు కనుక అక్కడే మొదలుపెడదాం. అమ్మోనియా తయారీ తీసుకో. ఒక నైట్రోజన్ అణువు, మూడు హైడ్రోజన్ అణువులు కలిసి రెండు అమ్మోనియా అణువులవుతాయి. కాలిక్యులేటర్ ముట్టుకోకముందు రాసుకో: నాలుగు వాయు అణువులు రెండయ్యాయి కనుక ఎంట్రోపీ, అంటే అణువుల చెల్లాచెదురుతనం, తగ్గాలి (అందులో మార్పే డెల్టా ఎస్). చర్యలో వేడి బయటికి వస్తుంది కనుక డెల్టా హెచ్, అంటే ఆ వేడి లెక్క, మైనస్. డెల్టా హెచ్‌లోంచి ఉష్ణోగ్రత, డెల్టా ఎస్‌ల లబ్ధం తీసేస్తే డెల్టా జి వస్తుంది, అది మైనస్ అయితే చర్య ముందుకి సాగుతుంది. అంటే తక్కువ ఉష్ణోగ్రత దగ్గర డెల్టా జి మైనస్‌లో ఉంటుంది, వేడి పెంచుతూపోతే ఎక్కడో ఒకచోట సున్నా దాటి ప్లస్ అవుతుంది. ఇప్పుడు విలువలు పెట్టు. డెల్టా హెచ్ సుమారు మైనస్ 92 కిలోజౌళ్లు, డెల్టా ఎస్ కెల్విన్‌కి సుమారు మైనస్ 199 జౌళ్లు. ఒకటి కిలోజౌళ్లలో ఉంది, రెండోది జౌళ్లలో ఉంది, చూశావా? సగం క్లాసు ఇక్కడే పడిపోతుంది. 298 కెల్విన్ దగ్గర యూనిట్లు మార్చకుండా గుణిస్తే డెల్టా జి ప్లస్ 59 వేల చిల్లర వస్తుంది. ఊహ రాసుకోనివాళ్లు ఆ సంఖ్య కింద రెండు గీతలు గీసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతారు. నువ్వు మైనస్ రావాలని ముందే రాసుకున్నావు కనుక ఆగుతావు, వెనక్కి వెళ్లి వెతుకుతావు, మైనస్ 33 కిలోజౌళ్ల దగ్గర తేలతావు.

అంతటితో వదలకు. సున్నా ఎక్కడ దాటుతుందో కూడా చూడు. సుమారు 460 కెల్విన్, అంటే 190 డిగ్రీల సెల్సియస్ దాపుల్లో. మరి ఫ్యాక్టరీల్లో ఈ చర్యని 400 నుంచి 500 డిగ్రీల దగ్గర ఎందుకు నడుపుతారు? నువ్వు వేసిన లెక్క ప్రకారం అక్కడ అమ్మోనియా రావడమే కష్టం కదా! చల్లగా ఉంటే నైట్రోజన్‌లోని త్రిబంధం కదలదు, ఇనుము ఉత్ప్రేరకం ఉన్నా చర్య నత్తనడక నడుస్తుంది. అందుకని వేగం కోసం వేడి పెంచి, ఆ వేడి వల్ల పోయిన దిగుబడిని వంద అట్మాస్ఫియర్లకి మించిన ఒత్తిడితో కొంత రాబట్టుకుంటారు. థర్మోడైనమిక్స్, కైనటిక్స్ అని విడివిడి యూనిట్లుగా చెప్పే రెండు పాఠాలు ఈ ఒక్క లెక్కలో ఎదురెదురుగా నిలబడతాయి. సిలబస్ కాగితం మీద ఆ సంగతి ఎక్కడా ఉండదు.

దీనికి కావలసిన గణితం భయపడేంత లేదు. లాగరిథమ్‌లు, డిఫరెన్సియేషన్ (పాక్షికం కూడా), కొంచెం ఇంటిగ్రేషన్. లాగ్ 2 అంటే 0.3 అని నోటికి వచ్చి ఉంటే చాలు, బలమైన ఆమ్లాన్ని రెండింతలు పలచన చేసినా, పదింతలు పలచన చేసినా పీహెచ్ ఎంత మారాలో లెక్కకి ముందే చెప్పేస్తావు.

ఆర్గానిక్‌కి తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు కావాలి. మెకానిజాన్ని, అంటే రియాక్షన్ ఏ మెట్ల మీదుగా జరుగుతుందో ఆ దారిని, కళ్లతో చదవడం దండగ. పుస్తకం మూసి గియ్యి. బాణం ఎప్పుడూ ఎలక్ట్రాన్లు ఉన్నచోట మొదలై అవి వెళ్లేచోట ఆగాలి. హైడ్రోజన్ అయాన్ నుంచి బాణం బయల్దేరిందంటే నువ్వు ఎలక్ట్రాన్లని మర్చిపోయి పరమాణువుల్ని జరుపుతున్నావన్నమాట. గీసిన ప్రతి మెట్టు దగ్గరా కార్బన్‌కి ఎన్ని బంధాలు ఉన్నాయో లెక్కపెట్టు. నాలుగు దాటకూడదు, అయిదు వస్తే చెరిపెయ్యి. ఇది చిన్నపిల్లల పనిలా కనిపిస్తుంది గాని, ఫైనలియర్ పేపర్లలో కూడా అయిదు బంధాల కార్బన్లని దిద్దాను. హైడ్రాక్సైడ్ అయాన్ బ్రోమోమీథేన్ మీదికి వెనకవైపు నుంచి వస్తుంది. అదే కార్బన్‌కి మూడు మీథైల్ గుంపులు తగిలించి ఉంటే వెనకదారి మూసుకుపోతుంది. అప్పుడేం జరుగుతుంది? పుస్తకం చూడకుండా గీసి నాకు ఫొటో పంపు. మోడల్ కిట్ ఒకటి దగ్గర పెట్టుకో, స్టీరియోకెమిస్ట్రీ (అణువుల్లో పరమాణువులు ఏ దిక్కున అమరాయో చెప్పే పాఠం) బొమ్మలు చూసి అర్థం చేసుకునేవాళ్లు ఉన్నారు గాని, చేత్తో తిప్పిచూస్తే గంట పని పది నిమిషాల్లో అవుతుంది.

ఇనార్గానిక్ అంటే రంగులూ పట్టికలూ బట్టీకొట్టడమేనని సీనియర్లు చెప్పి ఉంటారు. నమ్మకు. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) నీలంగా ఉంటుంది, జింక్ సల్ఫేట్ తెల్లగా ఉంటుంది. రాగి అయాన్‌లో డి ఎలక్ట్రాన్లు తొమ్మిది, ఖాళీలోకి ఎలక్ట్రాన్ గెంతడం వల్ల రంగు వస్తుంది. జింక్ అయాన్‌లో పది, నిండిపోయాక గెంతడానికి ఖాళీ లేదు. సరే, ఇదే సూత్రంతో పర్మాంగనేట్ రంగు ఊహించు. మాంగనీస్ ప్లస్ 7లో ఉంది, డి ఎలక్ట్రాన్ ఒక్కటీ లేదు. రంగు ఉండకూడదు. చిక్కటి ఊదా రంగులో ఉంది! ఆ రంగు ఆక్సిజన్ నుంచి మాంగనీస్‌కి ఎలక్ట్రాన్ దూకడం వల్ల వస్తుందన్న పాఠం తర్వాతెప్పుడో వస్తుంది. ముందే ఊహించి దెబ్బతిన్నదానివి కనుక ఆ రోజు క్లాసులో నిద్రరాదు.

పట్టికలోని అంకెలు ఎందుకు ఉన్నాయో చెప్పడానికి నాకు నచ్చిన ఉదాహరణ నీల్ బార్ట్‌లెట్ అనే రసాయన శాస్త్రవేత్తది. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ అణువు నుంచి ఎలక్ట్రాన్‌ని లాగేసిందని ఆయన కనిపెట్టారు. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి, అంటే ఒక ఎలక్ట్రాన్‌ని లాగడానికి కావలసిన శక్తి, 12.07 ఎలక్ట్రాన్ వోల్టులు. పట్టికలో జీనాన్ అనే జడవాయువుది చూస్తే 12.13. దాన్నుంచి లాగినప్పుడు దీన్నుంచి ఎందుకు లాగదు అనుకుని, 1962లో జీనాన్‌ని ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆవిరితో కలిపారు. పసుపు, నారింజ కలిసిన రంగులో ఘనపదార్థం వచ్చింది. జడవాయువులు దేనితోనూ కలవవని పుస్తకాలన్నీ అప్పటిదాకా చెప్పుకొస్తున్నాయి. ఆ రెండు అంకెలూ అందరి దగ్గరా ఉన్నవే.

ఇక ల్యాబ్. ప్రాక్టికల్‌కి వెళ్లే ముందు రాత్రి పావుగంట కూర్చుని రేపు ఏం జరగాలో రాసుకో. టైట్రేషన్ అనుకో: ఫ్లాస్క్‌లో 25 మిల్లీలీటర్ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం, బ్యూరెట్‌లో (గీతలున్న పొడుగాటి గాజుగొట్టం) అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ అయితే 25 దగ్గర ఆగాలి. అది తెలిసుంటే మొదటి 20 మిల్లీలీటర్లు ధైర్యంగా వదిలేసి, చివర్లో చుక్కచుక్కగా వేస్తావు. బ్యూరెట్‌ని అందులో పోసే ద్రావణంతోనే కడగాలి, కోనికల్ ఫ్లాస్క్‌ని మాత్రం డిస్టిల్డ్ వాటర్‌తో కడిగితే చాలు. ఎందుకో ఆలోచించు, వైవాలో తప్పకుండా అడుగుతారు. కుళాయి కింద ముక్కులో గాలిబుడగ ఉందేమో చూడు, పైన గరాటు తీసెయ్యి, రీడింగ్ కంటికి సమానంగా పెట్టి చూడు. ఆమ్లం అయిపోగానే రంగు మారే ఫినాఫ్తలీన్ లేత గులాబీ రంగుకి తిరగబోతున్నప్పుడు సగం చుక్క ముక్కుకి వేలాడదీసి, ఫ్లాస్క్ గోడకి తాకించి, వాష్ బాటిల్ నీళ్లతో లోపలికి దించు. రంగు అరనిమిషం నిలిస్తే అదే ఎండ్ పాయింట్. తర్వాత మెల్లగా వెలిసిపోతే కంగారుపడి ఇంకో చుక్క వెయ్యకు, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ చేసే పని అది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. 25 రావాలని ముందే రాసుకున్నావు, 25.6 వచ్చింది. అబ్జర్వేషన్ బుక్‌లో 25.6 అనే రాయాలి. పక్కబల్ల అబ్బాయి అంకె చూసి సర్దకు. ఊహ ఒక పేజీలో, చూసింది ఇంకో పేజీలో, రెండూ పెన్నుతోనే. గాలి నుంచి తీసిన నైట్రోజన్, అమ్మోనియా నుంచి తీసిన నైట్రోజన్ కంటే సుమారు అర శాతం బరువు ఎక్కువ తూగుతోందని శాస్త్రవేత్త లార్డ్ రేలీ గమనించారు. అర శాతమే కదా అని సర్దేసుకుని ఉంటే అడిగేవాళ్లు లేరు. ఆయన మళ్లీ మళ్లీ తూచి, తేడా పోవడం లేదని అచ్చులో పెట్టారు. 1894లో రేలీ, విలియం రామ్సే కలిసి ఆ బరువు ఆర్గాన్ అనే కొత్త జడవాయువుదని తేల్చారు. పీల్చే గాలిలో దాదాపు ఒక శాతం ఉండి కూడా అదేమిటో అప్పటిదాకా ఎవరూ గుర్తించలేదు. బార్ట్‌లెట్ కలిపిన జీనాన్ ఈ కుటుంబంలోదే. నీ 25.6లో కొత్త మూలకం దొరకదులే, బహుశా బ్యూరెట్ సరిగ్గా కడగలేదని దొరుకుతుంది. అదీ తెలియాల్సిందే.

గాగుల్స్ విషయంలో నేను బతిమాలను. ల్యాబ్‌లో ఉన్నంతసేపూ కళ్ల మీదే ఉండాలి, నెత్తి మీద కాదు. నీ ప్రయోగం అయిపోయినా పక్కవాళ్లది ఇంకా మరుగుతూ ఉంటుంది. ఆమ్లాన్ని నీళ్లలో పొయ్యాలి గాని నీళ్లని ఆమ్లంలో పొయ్యకూడదు. గ్లవ్స్ తొడుక్కున్నాను కదా అన్న ధీమా వద్దు, ఏ రసాయనానికి ఏ గ్లవ్ ఆగుతుందో సేఫ్టీ షీట్‌లో చూడు. కారెన్ వెటర్‌హాన్ అని విషలోహాల మీదే పరిశోధన చేసిన ప్రొఫెసర్. 1996 ఆగస్టులో ఆమె లేటెక్స్ గ్లవ్ మీద డైమీథైల్ మెర్క్యురీ అనే ఘోరమైన పాదరస విషం ఒకటి రెండు చుక్కలు పడ్డాయి. ఆ ద్రవం లేటెక్స్‌ని సెకన్లలోనే దాటిపోతుందని ఆ తర్వాత చేసిన పరీక్షల్లో తేలింది. 1997 జూన్‌లో ఆమె చనిపోయారు. నిన్ను భయపెట్టడానికి రాయడం లేదు, డిగ్రీ ల్యాబ్‌లో అలాంటివి ఇవ్వరు కూడా. కానీ సీసా మూత తీసే ముందు లేబుల్ పూర్తిగా చదివే అలవాటు ఇప్పుడే పడాలి.

పరీక్షల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. పాత పేపర్లు టైము పెట్టుకుని రాయి. ఇద్దరు ముగ్గురు కలిసి చదవండి, కాకపోతే ముందు ఎవరి జవాబు వాళ్లు రాసుకున్నాకే నోరు విప్పాలి. లేకపోతే చురుకైన పిల్ల ఒకతి చెప్తుంది, మిగతావాళ్లు తల ఊపుతారు. డౌట్ అడగడానికి మాస్టారి గదికి వెళ్లినప్పుడు "ఇది అర్థం కాలేదండీ" అని నిలబడకు. నువ్వు గీసిన కాగితం చూపించి, "ఈ మెట్టు దాకా వచ్చాను, ఇక్కడ ఆగిపోయాను" అను. ఎంత విసుగున్న మాస్టారైనా పెన్ను తీస్తారు.

రెండో ఏడు అయ్యాక వేసవిలో ఎవరిదైనా రీసెర్చ్ ల్యాబ్‌లో పని దొరుకుతుందేమో అడుగు. మొదట్లో గాజుసామాను కడిగిస్తారు, మొహం మాడ్చుకోకుండా కడుగు. ఏ ల్యాబ్‌లో చేరాలో తేలకపోతే అక్కడి పీహెచ్‌డీ విద్యార్థుల్ని రెండు సంగతులు అడుగు: ప్రొఫెసర్ వారంలో ఎన్నిసార్లు బల్ల దగ్గరికి వస్తారు, ప్రయోగం చెడిందని చెప్తే ఏమంటారు. ఆ రెండో ప్రశ్నకి వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటే, ఇంకో ల్యాబ్ వెతుక్కో.

ఉంటాను,
పెద్దమ్మ