దివిసీమకు కెమెరాతో వెళ్తున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

ఉప్పెన తరువాత మళ్ళీ లేచి నిలబడ్డ దివిసీమ మీద ఫొటోలూ కవితలూ కలిపి పుస్తకం చేయాలనుకుంటున్నానని నువ్వు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఆ ఊళ్ళకు ఏళ్ళ తరబడి వెళ్ళివచ్చినవాణ్ణి కనుక నాకు తెలిసింది చెబుతాను.

పులిగడ్డ అక్విడక్టు దాటి అవనిగడ్డ, కోడూరు మీదుగా హంసలదీవి వైపు వెళ్తే నీకు కనిపించేవి వరిచేలు, రొయ్యల చెరువులు, సరుగుడు తోటలు, శ్లాబు ఇళ్ళు. 1977 నవంబరు 19న సముద్రం ఈ ఊళ్ళను ముంచెత్తిందనీ, ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10 వేల మంది మరణించారనీ ఆ దృశ్యం తనంతట తాను చెప్పదు. చెప్పించాలన్న తొందరలో కూలిన గోడ కోసమో, కన్నీరు పెట్టే ముసలమ్మ కోసమో వెతకవద్దు. ఫొటోలో నేడు ఉన్నదాన్నే ఉండనివ్వు. లేనిదాన్ని కవిత మొయ్యాలి.

తీరాన ఆనాటి ఉప్పెన ఎత్తు సుమారు 5 మీటర్లు. నువ్వు నిలబడి కెమెరా కంటికి ఆనించే ఎత్తుకు అది మూడింతలకు పైమాట. అందుచేత తీరానికి దగ్గరి ఒక చేను గట్టు మీద నిలబడి ఒక ఫొటో తీసి, తరువాత దగ్గరలోని తుఫాను షెల్టరు మేడ ఎక్కి అదే చేనును మళ్ళీ తియ్యి. రెండవ ఫొటోలో నీ చూపు ఉన్నచోటు దాదాపుగా ఆ రాత్రి నీటి అంచు. ఆ రెండింటినీ ఎదురెదురు పుటల్లో ఉంచి, మధ్యన ఎక్కువ మాటలు పెట్టకు.

అలాంటి షెల్టరునే నేను ఒకప్పుడు మనిషి జాడ లేకుండా, స్మారక స్తంభంలా తీసి, కింద మనిషి గెలిచాడన్న అర్థంలో ఒక పద్యం రాశాను. ఊళ్ళో ఒక పెద్దావిడ దాన్ని చూసి, "మా ఇల్లు ఇక్కడే ఉండేది బాబూ" అని మాత్రం అన్నది. ఆ పద్యాన్ని మళ్ళీ ఎక్కడా చదవలేదు.

కవితలో ఫొటోను వర్ణించవద్దు. పచ్చని చేను ఎదురుగా ఉండగా పచ్చదనం గురించి రాయడం వృథా. ప్రళయం, విలయం వంటి పెద్ద మాటలకంటే "ఉప్పెనకు నాకు పదేళ్ళు" అంటూ వయసును ఉప్పెనతో లెక్కపెట్టుకునే అక్కడి మాట ఎంతో బలమైనది. నీళ్ళు ఎంతవరకు వచ్చాయని అడిగితే చాలామంది నోటితో చెప్పక చెయ్యి పైకెత్తి చూపుతారు. వారు సమ్మతిస్తే ఆ చేతిని తియ్యి.

నాగాయలంక దిగువన మడ అడవులకు అటవీశాఖ అనుమతి తీసుకొని, ఆటు వేళకు వెళ్ళు. నీరు తీసినప్పుడు బురదలోనుంచి పైకి పొడుచుకొచ్చిన శ్వాసవేళ్ళు కనిపిస్తాయి. సముద్రానికీ ఊరికీ మధ్య అడ్డుగా నిలిచే ఈ అడవి లేనిదే దివిసీమ పునర్నిర్మాణం గురించిన నీ పుస్తకం నాకు అసంపూర్ణంగానే తోస్తుంది.

అచ్చుకు ఇచ్చేముందు ఫొటోల ప్రతులు తీసుకొని ఆ ఊళ్ళకే తిరిగి వెళ్ళి, కవితలు వారికి చదివి వినిపించు. వారు ఎక్కడ ఆపితే అక్కడ దిద్దుకో. వరికోతలు మొదలైతే ఎవరికీ తీరిక ఉండదు కనుక, ఆ పని అంతకుముందే ముగించు.

ఇట్లు,
మీ పెదనాన్న