చంటిపిల్లల క్రెచ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా పాపకు ఏడాదిన్నర. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్ళాలి కాబట్టి ఇంటి దగ్గరి క్రెచ్‌లో వేద్దామనుకుంటున్నాం. గోడల నిండా బొమ్మలు, ఏసీ, సీసీ కెమెరాలు ఉన్నాయి. ఇంకా ఏం చూసుకోవాలండీ?
– ఒక తల్లి, బరంపురం

జవాబు: ఒకసారి పదకొండున్నరకు, అన్నాలు పెట్టే వేళకు వెళ్ళి కూర్చోండి. ఒకావిడ అన్నం కలుపుతూ, మరొకావిడ ఎవరికో తడిబట్టలు మారుస్తూ ఉంటారు. అప్పుడు మిగతా పిల్లల్ని ఎవరు చూస్తున్నారో గమనించండి. క్రెచ్‌లో ప్రమాదాలు ఎక్కువగా ఇలాంటి సందుల్లోనే జరుగుతాయి. ప్రభుత్వ క్రెచ్ పథకం లెక్క ప్రకారమే 25 మంది పిల్లలకు ఒక కార్యకర్త, ఒక సహాయకురాలు. సహాయకురాలు వంటగదిలోకి వెళితే పాతిక మందికీ ఒక్కరే మిగులుతారు. మూడేళ్ళలోపు పిల్లలకు ఇది ఏమాత్రం చాలదని మా అభిప్రాయం. నలుగురైదుగురికి ఒకరు ఉండాలి. పిల్లలు తింటున్నప్పుడు, నీళ్ళ దగ్గర ఉన్నప్పుడు ఆ ఒకరికి చూడటం తప్ప వేరే పని పెట్టకూడదు.

తర్వాత బాత్‌రూమ్ తలుపు తీసి చూడండి. బకెట్‌లో నీళ్ళు నిలవ ఉంటే ఒప్పుకోవద్దు. ఈ వయసులో ఒంటి లెక్కలో తల బరువు ఎక్కువ. బకెట్‌లోకి తొంగిచూసిన బిడ్డ తలకిందులుగా పడితే తనంతట తాను లేవలేదు. రెండంగుళాల నీళ్ళు చాలు ప్రాణం పోవడానికి, పైగా చప్పుడే ఉండదు. వాడిన వెంటనే బకెట్ బోర్లించాలి, డ్రమ్ముకు బిగుతు మూత ఉండాలి, తలుపుకు పెద్దవాళ్ళ ఎత్తులో గడియ ఉండాలి.

ఫినాయిల్, కిరోసిన్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టే అలవాటు మన వైపు ఇంకా ఉంది. అది కనిపిస్తే అక్కడికక్కడే తీయించండి. ఏ పిల్లైనా తాగితే వాంతి చేయించకూడదు. కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. ఆ సీసా చేత్తో పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. బట్టల మధ్య కలరా ఉండలు పెట్టినా వద్దనండి. జి6పీడీ అనే ఎంజైమ్ లోపం ఉన్న పిల్లలకు వాటివల్ల రక్తకణాలు చిట్లిపోతాయి. ఆ లోపం ఉన్న సంగతి చాలా ఇళ్ళల్లో అప్పటిదాకా తెలియనే తెలియదు.

ప్రశ్న: నేను క్రెచ్‌లో సహాయకురాలిని. ఇళ్ళనుంచి పిల్లలకు పల్లీలు, ద్రాక్ష, గుడ్డు పంపుతారు. ఛతువా (ఒడిశా అంగన్‌వాడీల్లో ఇచ్చే పోషకాహార పొడి) కూడా పెడతాం. గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేయాలి, అడ్డుపడకుండా ఎలా చూసుకోవాలి?
– పర్లాకిమిడి

జవాబు: ముందు పళ్ళ సంగతి చూడండి. ముందుపళ్ళతో కొరుకుతారు గాని, నమిలే దవడ పళ్ళు పూర్తిగా వచ్చేసరికి రెండున్నరేళ్ళు దాటుతుంది. అందుకే కొరికిన ముక్క కొరికినట్టే గొంతులోకి పోతుంది.

పల్లీలు, వేయించిన శనగలు, పచ్చి కొబ్బరి ముక్కలు ఐదేళ్ళలోపు పిల్లలకు గుళ్ళుగా, ముక్కలుగా పెట్టకండి. మెత్తగా పొడికొట్టి అన్నంలో కలపవచ్చు. ద్రాక్షను అడ్డంగా కోస్తే గుండ్రంగానే ఉంటుంది, గొంతుకు బిరడాలా పడుతుంది. నిలువుగా నాలుగు చీలికలు చేసి గింజలు తీయండి. సీతాఫలం గింజ, చింతపిక్క పిల్లల చేతికే రానివ్వకండి. గుడ్డులోని పచ్చసొన పొడిగా ఉంటే నాలుకకు అంటుకుపోతుంది కాబట్టి పప్పునీళ్ళతో మెదిపి పెట్టండి. ఛతువా పొడిని చెంచాతో నోట్లో వేస్తే ఊపిరితో పాటు లోపలికి పోతుంది. పాలల్లోనో గోరువెచ్చని నీళ్ళల్లోనో జావలా కలపండి. అందులో గోధుమ, శనగ, పంచదారతో పాటు వేరుశనగ కూడా ఉంటుంది. పల్లీ పడని పిల్లల పేర్లు వంటగది గోడమీద తెలుగులోనూ ఒడియాలోనూ రాసి ఉంచండి.

కూర్చోబెట్టే తినిపించండి. ఏడుస్తున్న పిల్ల నోట్లో ముద్ద పెట్టకండి. వెక్కి ఊపిరి పీల్చేటప్పుడే అది శ్వాసనాళంలోకి జారుతుంది.

అడ్డుపడినప్పుడు పిల్ల గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. నీళ్ళు పోయకండి, వేలు పెట్టి కెలకకండి. కెలికితే ఇంకా లోపలికి పోతుంది. దగ్గు రావడం లేదు, గొంతు పెగలడం లేదు, పెదాలు నల్లబడుతున్నాయి అంటే ఆలస్యం చేయొద్దు. ఒకరు 108కి ఫోన్ చేయాలి. ఇంకొకరు పిల్లను ముందుకు వంచి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు కొట్టాలి. ఊడిరాకపోతే వెనక మోకాళ్ళమీద కూర్చుని, బొడ్డుకు పైన, పక్కటెముకల కింద పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. వస్తువు బయటపడేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఏడాది నిండని బిడ్డకు పొట్ట నొక్కకూడదు, ఛాతీ మధ్యలోనే నొక్కాలి. స్పృహ తప్పితే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ, నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి. ఇది చదివితే వచ్చే విద్య కాదు, మీ పీహెచ్‌సీలో అడిగి బొమ్మమీద చేతులతో నేర్చుకోండి.

ఒక్క హెచ్చరిక. పల్లీ తిన్నాక ఉక్కిరిబిక్కిరై, తర్వాత సర్దుకున్నట్టు కనిపించిన పిల్లకు దగ్గు తగ్గకపోయినా, పిల్లికూతలు వచ్చినా డాక్టరుకు పల్లీ సంగతి తప్పక చెప్పమని తల్లికి చెప్పండి. శ్వాసనాళంలో పల్లీ చెమ్మకు ఉబ్బుతుంది, ఎక్స్‌రేలో కనబడదు. చెప్పకపోతే జలుబు మందుతో రోజులు గడిచిపోతాయి.

ఆటవస్తువులకు చిన్న పరీక్ష ఉంది. ప్లంబింగ్ షాపులో 40 ఎంఎం పీవీసీ గొట్టం రెండంగుళాలంపావు ముక్క కోయించండి. అందులో పూర్తిగా ఇమిడిపోయే వస్తువేదీ మూడేళ్ళలోపు పిల్లలకు ఇవ్వకండి. రిమోట్లు, పాటలు పాడే బొమ్మల్లోని బటన్ బ్యాటరీ మరీ ప్రమాదం. మింగితే రెండు గంటల్లోనే ఆహారనాళం కాలిపోవడం మొదలవుతుంది. మూతకు మర లేని బొమ్మను పక్కన పెట్టేయండి.

ప్రశ్న: మనవడికి మెడలో తాయెత్తు, కాళ్ళకు గజ్జెలు ఉన్నాయి. తీసేసి పంపమంటున్నారు. దిష్టి తగులుతుందని మా భయం.
– ఒక అమ్మమ్మ, గుణుపురం

జవాబు: వాళ్ళు చెప్పింది నిజమేనమ్మా. మెడలోని తాడు జారుడుబల్లకో కిటికీ చువ్వకో తగులుకుంటే బిడ్డ బరువుకే ఉరి బిగుస్తుంది. గజ్జెల మువ్వ ఊడితే నేరుగా నోట్లోకే పోతుంది. తాయెత్తు ఇంటి దగ్గర దేవుడి పటం ముందు పెట్టి, వచ్చాక కట్టండి. దిష్టిచుక్క పెట్టి పంపండి, దానితో ఏ ఇబ్బందీ లేదు. పిన్నీసు మాత్రం గుచ్చవద్దు.

ప్రశ్న: మా క్రెచ్ పిల్లలు వ్యాన్‌లో వస్తారు. డ్రైవరుకు, ఆయాకు ఏం చెప్పి ఉంచాలి?
– ఒక నిర్వాహకురాలు, రాయగడ

జవాబు: ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తల లెక్క ఒక్కటే చాలదు, పేరు పిలిచి కాగితం మీద టిక్ పెట్టాలి. దిగాక ఆయా చివరి సీటు దాకా నడిచి, సీట్ల కింద వంగి చూడాలి. నిద్రపోయిన పిల్ల పిలిస్తే పలకదు. ఎండలో తలుపులు మూసిన బండి లోపల వేడి పది నిమిషాల్లోనే సుమారు పది డిగ్రీలు పెరుగుతుంది. చిన్నపిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళకంటే మూడు నుంచి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది.

రాని పిల్ల ఇంటికి తొమ్మిదిన్నరలోపే ఫోన్ చేయండి. సాయంత్రం తీసుకెళ్ళేవాళ్ళ ఫొటోలు రిజిస్టరులో అంటించి ఉంచండి. కొత్త మనిషి వస్తే, బాబాయినని చెప్పినా సరే, తల్లికి ఫోన్ కలిపి ఆమె సరేనన్నాకే పిల్లను అప్పగించండి.