హాంకాంగా, సింగపూరా? ముందు కోడలి ఉద్యోగం సంగతి తేల్చండి

ప్రశ్న: మా అబ్బాయికి 28 ఏళ్లు. గచ్చిబౌలిలో ఒక విదేశీ బ్యాంకు ఆఫీసులో రిస్క్ విభాగంలో పనిచేస్తున్నాడు. సింగపూర్‌కి వెళ్తావా, హాంకాంగ్‌కి వెళ్తావా తేల్చుకోమని కంపెనీవాళ్లు అడిగారు. సింగపూర్‌లో నెలకు 8,500 సింగపూర్ డాలర్లు, హాంకాంగ్‌లో 52,000 హాంకాంగ్ డాలర్లు ఇస్తారట. నెలాఖరులోగా చెప్పాలి. చుట్టాలంతా సింగపూరే అంటున్నారు. ఎక్కడ బతుకు బాగుంటుంది? వాడికి పెళ్లయి ఎనిమిది నెలలైంది. కోడలు కూడా సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే. మానేసి వెంట వెళ్తుంది.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: నమస్కారం అండీ. మీ ఉత్తరంలో అబ్బాయి గురించి బోలెడు రాశారు. కోడలి గురించి రెండు చిన్న వాక్యాలు రాశారు. నా లెక్కలో ఈ రెండు నగరాల మధ్య అసలు తేడా ఆ రెండో వాక్యం దగ్గరే ఉంది. అక్కడికి వస్తాను. ముందు మీరు అడిగినవాటికి జవాబు చెబుతాను.

జీతం: రూపాయల్లోకి మారిస్తే రెండూ నెలకు ఆరు లక్షలకు అటూ ఇటూగా తేలతాయి. ఒక్కరి సంపాదనే అనుకుంటే రెండు చోట్లా ఏడాది పన్ను మొత్తం ఒక నెల జీతం దాటదు. మన టీడీఎస్‌కి అలవాటు పడ్డవాళ్లకి ఇది నమ్మబుద్ధి కాదు. కానీ ఒక చిక్కుంది. హాంకాంగ్‌లో జీతంలోంచి నెలనెలా పన్ను కోయరు. ఆనక ఒకేసారి బిల్లు వస్తుంది. మొదటి బిల్లులో ఆ ఏడాది పన్నుతో పాటు వచ్చే ఏడాదికి అడ్వాన్సు కూడా కలిపి అడుగుతారు. కొత్తగా వెళ్లిన కుర్రాళ్లు వచ్చిన జీతమంతా ఇంటికి పంపించేసి, ఆ కవరు విప్పాక తలపట్టుకుంటారు. నెలకు కొంత పక్కన పెట్టుకోమని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.

ఇంకొకటి. హాంకాంగ్ డాలరుని 1983 నుంచి అమెరికా డాలరుకి కట్టేశారు, 7.80 దగ్గర. అంటే అక్కడి జీతం రూపాయల్లో పెరగడం, తగ్గడం అమెరికా డాలరుతో పాటే. సింగపూర్ డాలరుని అక్కడి కేంద్ర బ్యాంకు కొన్ని దేశాల కరెన్సీలతో పోల్చుకుంటూ నడిపిస్తుంది. ఇంటికి డబ్బు పంపేవాళ్లకి ఈ సంగతి తెలిసి ఉంటే చాలు, దీని కోసం ఊరు మార్చుకోనక్కర్లేదు.

ఇక ఇల్లు. ఇక్కడే బతుకు తేలేది.

హాంకాంగ్‌లో ఈ జీతంతో వాళ్లిద్దరికీ దొరికేది మూడు, నాలుగు వందల చదరపు అడుగుల ఫ్లాటు. అద్దె సుమారు 15 నుంచి 20 వేల హాంకాంగ్ డాలర్లు. వాషింగ్ మెషిన్ వంటగట్టు కిందే ఉంటుంది. ఫ్రిజ్ తలుపు తెరిస్తే వంటింట్లోకి దారి మూసుకుపోతుంది. మీరిద్దరూ చూడడానికి వెళ్తే అబ్బాయి హాల్లో చాప వేసుకోవాలి, ఆ చాప మీద నుంచే అందరూ బాత్రూంకి నడవాలి. తెనాలిలో పెరటి గుమ్మం ఉన్న ఇంట్లో పెరిగిన కుర్రాడికి మొదటి మూడు నెలలు ఊపిరాడనట్టే ఉంటుంది. అయితే గుమ్మం దాటి అరగంట వెళ్తే కొండలు, సముద్రం. ఆ భూభాగంలో దాదాపు నలభై శాతం కంట్రీ పార్కులే. ఆదివారం డ్రాగన్స్ బ్యాక్ కొండదారి ఎక్కి దిగినవాళ్లు ఆ ఫ్లాటుని కాస్త క్షమిస్తారు.

సింగపూర్‌లో ఇళ్లు కొంచెం విశాలం. అక్కడి జనంలో ముప్పావు వంతుకు పైగా ఉండేది ప్రభుత్వం కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్లలోనే. మనవాళ్లు ఎక్కువగా వాటిలోనే అద్దెకుంటారు. మొత్తం ఫ్లాటు తీసుకుంటే సుమారు 3,000 సింగపూర్ డాలర్లవుతుంది. అది భారమనుకున్నవాళ్లు ఒక గది తీసుకుంటారు. గదుల ప్రకటనల్లో తరచూ ఒక మాట కనిపిస్తుంది: ‘లైట్ కుకింగ్ ఓన్లీ’. అంటే నూడుల్స్ ఉడకబెట్టుకో, గుడ్డు ఉడకబెట్టుకో, పోపు మాత్రం పెట్టకు అని. కొన్ని ప్రకటనల్లో ఇండియన్లు వద్దని సూటిగానే రాస్తారు. ఇది అక్కడి పేపర్లలో కూడా చాలాసార్లు చర్చకొచ్చిన విషయమే. నా దగ్గరికి వచ్చిన ఒకబ్బాయి ఏడాదిపాటు అలాంటి గదిలో ఉన్నాడు. ఒక ఆదివారం ఇంటావిడ బయటికెళ్లిందని పప్పుకి ఎండుమిర్చి, ఇంగువతో తిరగమోత వేశాడట. ఆవిడ లిఫ్టు దిగగానే పసిగట్టిందట. ‘సార్, పెరుగన్నంతో ఎంత కాలం బతకగలనో సింగపూర్‌లోనే తెలిసింది’ అన్నాడు. నవ్వుతూనే అన్నాడు లెండి. అందుకని వీళ్లిద్దరూ సింగపూర్ వెళ్తే గది వద్దు, చిన్నదైనా ఫ్లాటే తీసుకోమనండి.

తిండి, మనవాళ్లు, గుడి విషయంలో సింగపూర్‌తో హాంకాంగ్ పోటీ పడలేదు. సెరంగూన్ రోడ్డులో దిగితే మల్లెపూల దండలు, టెక్కా మార్కెట్లో కరివేపాకు, మునక్కాయలు, ఆ రోడ్డులోనే శ్రీనివాస పెరుమాళ్ కోవెల. తమిళం అక్కడి నాలుగు అధికార భాషల్లో ఒకటి. సింగపూర్ తెలుగు సమాజం 1975 నుంచి ఉంది, ఉగాది పచ్చడి కోసం ఎవరినీ బతిమాలుకోనక్కర్లేదు. అయితే అక్కడి స్కూళ్లలో మాతృభాషగా హిందీ, బెంగాలీ, పంజాబీ లాంటివి తీసుకోవచ్చు గానీ తెలుగు లేదు. రేపు పిల్లలు పుడితే తెలుగు ఇంట్లోనే నేర్పుకోవాలి. విశాఖ నుంచి కూడా నేరుగా విమానం ఉంది. మీ చుట్టాలు సింగపూర్ అనడానికి ఇవన్నీ కారణాలే, కాదనను.

హాంకాంగ్‌లో పప్పులు, మసాలాలకి చిమ్ షా చుయ్‌లోని చుంకింగ్ మాన్షన్స్‌కి వెళ్లాలి. హ్యాపీ వ్యాలీలో హిందూ గుడి ఉంది. అక్కడ ముందునుంచీ స్థిరపడ్డ మనదేశం వాళ్లలో సింధీలు ఎక్కువ, తెలుగు మాట వినబడడం అరుదు. మీరు శాకాహారులైతే ఇంకా కష్టం: వంకాయ కూర కదా అని తెప్పించుకుంటే అందులో పంది మాంసం కీమా వస్తుంది. ఆఫీసులో ఇంగ్లిష్ నడుస్తుంది, కూరగాయల కొట్లో క్యాంటనీస్ నడుస్తుంది.

వాతావరణం గురించి ఎక్కువ చెప్పను. సింగపూర్ ఏడాది పొడుగునా మన ఆగస్టులా ఉంటుంది. హాంకాంగ్‌లో స్వెటర్ వేసుకునే చలికాలం ఉంది, తుఫాను ఎనిమిదో నంబరు హెచ్చరిక ఎగరేస్తే ఆఫీసులు మూసేస్తారు. హాంకాంగ్‌లో 2020లో, 2024లో వచ్చిన జాతీయ భద్రతా చట్టాల గురించి మీరు వినే ఉంటారు. ఉద్యోగం చేసుకుని ఇంటికొచ్చేవాడికి అవి రోజూ తగలవు. కానీ సోషల్ మీడియాలో అక్కడి రాజకీయాల జోలికి పోవద్దని చెప్పండి. ఆ మాటకొస్తే సింగపూర్‌లోనూ అనుమతి లేకుండా ప్లకార్డు పట్టుకుని నిలబడితే కేసే.

ఇప్పుడు కోడలి సంగతి.

‘మానేసి వెంట వెళ్తుంది’ అని మీరు తేలిగ్గా రాశారు. సింగపూర్‌లో భర్తకు ఎంప్లాయ్‌మెంట్ పాస్ (అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే అనుమతి) ఉండి, జీతం 6,000 డాలర్లు దాటితే భార్యకు డిపెండెంట్ పాస్ ఇస్తారు. మీ అబ్బాయి దాటాడు, కాబట్టి ఆమె వెళ్లగలదు. కానీ ఆ పాస్ మీద ఉద్యోగం చేయడం కుదరదు. ఒకప్పుడు కంపెనీ ఒక ఉత్తరం పెట్టుకుంటే పని చేయనిచ్చేవారు. 2021 మే నుంచి దాన్ని ఆపేశారు. ఇప్పుడు ఆమె ఉద్యోగం చేయాలంటే ఆమెకూ సొంతంగా వర్క్ పాస్ రావాలి. ఎంప్లాయ్‌మెంట్ పాస్‌కి 2025 జనవరి నుంచి కనీస జీతం 5,600, ఆర్థిక రంగంలో అయితే 6,200. వయసుతో పాటు ఆ కనీసం పెరుగుతుంది. దాని పైన 2023 సెప్టెంబర్ నుంచి కంపాస్ అనే మార్కుల పద్ధతి ఒకటి పెట్టారు, 40 పాయింట్లు రావాలి. జీతం, చదివిన కాలేజీ, ఆ కంపెనీలో ఇప్పటికే ఒకే దేశం వాళ్లు ఎంతమంది ఉన్నారన్నది – అన్నీ చూస్తారు. మనవాళ్లు నిండిపోయిన ఐటీ కంపెనీలో ఆ చివరి లెక్కలో సున్నా పడడం మామూలే.

హాంకాంగ్‌లో ఈ తతంగం లేదు. వర్క్ వీసా మీద వెళ్లినవాడి భార్య డిపెండెంట్ వీసాతో దిగిన రోజు నుంచే ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు, వేరే అనుమతి అక్కర్లేదు. (భర్త చదువుకోవడానికి వెళ్తే మాత్రం ఇది వర్తించదు.) అయితే అనుమతి వేరు, ఉద్యోగం దొరకడం వేరు. చైనా భాష రానివాళ్లకి అక్కడ చాలా తలుపులు మూసి ఉంటాయి. ఆమెకు దొరికితే పెద్ద బ్యాంకుల టెక్నాలజీ విభాగాల్లో దొరకాలి. అవకాశాల సంఖ్య చూస్తే సింగపూర్‌లోనే ఎక్కువ. సింగపూర్‌లో సమస్య పాస్, హాంకాంగ్‌లో సమస్య భాష.

ఇదంతా ఎందుకు సాగదీస్తున్నానంటే, సింగపూర్ నుంచి నాకు ఫోన్ చేసేవాళ్లలో ఉద్యోగం పోయిన కుర్రాళ్ల కన్నా ఇంట్లో ఖాళీగా కూర్చున్న ఆడపిల్లలు ఎక్కువ. ఐదారేళ్లు సంపాదించిన మనిషి, పొద్దున తొమ్మిదింటికి భర్త వెళ్లిపోయాక పదో అంతస్తు కిటికీలోంచి ఎదుటి బ్లాకులో ఆరేసిన బట్టలు చూస్తూ కూర్చోవడం ఎలా ఉంటుందో ఏ నగరాల ర్యాంకింగులోనూ రాయరు. రెండేళ్లు గడిచాక రెజ్యూమెలో ఆ ఖాళీ గురించి ఇంటర్వ్యూలో అడుగుతారు. ఆ రోజు జవాబు చెప్పుకోవాల్సింది ఆమే, మీ అబ్బాయి కాదు.

కొత్త దంపతులు కాబట్టి ఇంకొక మాట. హాంకాంగ్‌లో గుర్తింపు కార్డు ఉన్నవాళ్లందరికీ, వర్క్ వీసా వాళ్లతో సహా, ప్రభుత్వ ఆసుపత్రిలో సబ్సిడీ ధరే. కాన్పుకి కూడా అంతే. రద్దీ ఉంటుంది, వరుసలో కూర్చోవాలి, అది వేరే విషయం. సింగపూర్‌లో విదేశీయులు సబ్సిడీ లేని బిల్లు కట్టాలి. కంపెనీ ఇన్సూరెన్స్‌లో కాన్పు ఖర్చు ఉందో లేదో ఆఫర్ లెటర్ వచ్చాక కాదు, ముందే అడగమనండి.

స్థిరపడే ఆలోచన ఉంటే: హాంకాంగ్‌లో ఏడేళ్లు తెగకుండా నివాసం ఉంటే శాశ్వత నివాస హక్కుకి అర్హులవుతారు. సింగపూర్‌లో పీఆర్‌కి (శాశ్వత నివాసానికి) దరఖాస్తు ముందే పెట్టుకోవచ్చు, ఇవ్వడం ఇవ్వకపోవడం వాళ్ల ఇష్టం. తల్లిదండ్రులతో పాటు పీఆర్ వచ్చిన మగపిల్లవాడు పెద్దయ్యాక రెండేళ్లు నేషనల్ సర్వీస్, అంటే సైన్యం, పోలీసు లాంటి వాటిలో తప్పనిసరి సేవ, చేయాలి. సంబరంగా పీఆర్ తీసుకునేటప్పుడు ఇది చాలామందికి గుర్తుండదు.

నన్ను తేల్చి చెప్పమంటే చెబుతాను. మీ అబ్బాయి ఒంటరివాడైతే కళ్లు మూసుకుని సింగపూర్ అనేవాణ్ణి. రిస్క్ విభాగంలో పైకి ఎదగడానికి అక్కడ ఇంగ్లిష్ సరిపోతుంది. హాంకాంగ్‌లో వ్యాపారం ఎక్కువగా చైనా కంపెనీల చుట్టూ తిరుగుతుంది కాబట్టి నాలుగైదేళ్ల తర్వాత మాండరిన్ రాకపోతే కుర్చీ కదలదు. కానీ ఇద్దరూ వెళ్తున్నారు. అందుకని నా ఓటు షరతు మీద: నెలాఖరులోగా కోడలికి సింగపూర్‌లో సొంత పాస్ వచ్చే దారి కనిపిస్తే – ఆమె కంపెనీకి అక్కడ ఆఫీసు ఉండి బదిలీకి ఒప్పుకున్నా సరే – సింగపూర్. కనిపించకపోతే మూడేళ్ల లెక్కతో హాంకాంగ్. వెళ్లేలోపు ఇద్దరూ మాండరిన్ క్లాసులో చేరితే మంచిది. ఇరుకు ఇల్లు భరించవచ్చు.

ఈ రెండు వారాల్లో అబ్బాయి హెచ్‌ఆర్‌ని అడగాల్సింది ఇదే: డిపెండెంట్ వీసా ఖర్చు ఎవరిది, మొదటి నెల బస ఎవరు చూస్తారు, ఇన్సూరెన్స్‌లో కాన్పు ఉందా, బ్యాంకులో భార్యకు కూడా ఇంటర్వ్యూ ఇప్పించగలరా. చివరిది అడగడానికి మొహమాటపడతాడు. అడగమనండి. ఇలాంటి బదిలీల్లో అది కొత్తేమీ కాదు.

ఆమెకి ఎన్నేళ్ల అనుభవం, ఏ టెక్నాలజీ, ఇప్పుడు జీతమెంత అన్నది మీ ఉత్తరంలో లేదు. అవి తెలిస్తే కంపాస్ పాయింట్లు కూర్చుని లెక్కేసి చెప్పగలను. ఈసారి ఉత్తరం మీరు కాదు, ఆమెను రాయమనండి.