చైనా ఎలక్ట్రిక్ కారు తెప్పించుకోవచ్చా?

ప్రశ్న: చైనాలో చవగ్గా దొరికే సెకండ్ హ్యాండ్ ఎలక్ట్రిక్ కారును విశాఖ పోర్టులో దింపుకోవచ్చా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: కుదరదండీ. పాత కార్లు ముంబై పోర్టులోనే దిగాలి. తయారై మూడేళ్లు దాటకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. చైనా రోడ్లకు చేసిన కార్లకు అది ఎడమవైపు ఉంటుంది కాబట్టి మీ ఆలోచన అక్కడే ఆగిపోతుంది.

స్టీరింగ్ మార్చి ఇస్తామనేవాళ్లను నమ్మకండి. స్టీరింగ్ మార్చినా హెడ్‌లైట్లు అక్కడివే: లో బీమ్‌లో (దగ్గరి దారికి వేసే వెలుగులో) వాటి కాంతి కుడి అంచున పైకి లేస్తుంది. ఎడమవైపు నడిపే మన రోడ్డు మీద ఆ వెలుగు నేరుగా ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. రాత్రిపూట సింహాచలం ఘాట్ మలుపుల్లో అది ప్రాణాలకే ముప్పు. ఛార్జింగ్ సాకెట్ కూడా వేరు: అక్కడ జీబీటీ రకం, ఇక్కడి ఫాస్ట్ ఛార్జర్లు ఎక్కువగా సీసీఎస్2 రకం.

కొత్త కారైతే 40,000 డాలర్ల లోపు ధరకు 2023 బడ్జెట్ నుంచి కస్టమ్స్ సుంకమే 70 శాతం. ఎవరికైనా అడ్వాన్సు పంపే ముందు తయారీ ప్లేటు (కారు ఎప్పుడు తయారైందో ఉండే రేకు), స్టీరింగ్ ఫొటోలు తెప్పించుకోండి.